ప్రాసెసర్ మార్చాక ‘డిస్‌ప్లే’ రాని డెస్క్‌టాప్: ఒక ఫిర్యాదు వెనుక మూడు లోపాలు

హనుమకొండలో నేను నడిపే కంప్యూటర్ మరమ్మతుల దుకాణంలో తరచుగా వినబడే మాట ‘డిస్‌ప్లే వస్తలేదు’ అన్నది. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, లైట్లు వెలుగుతుంటాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. మానిటర్ కేబుల్ వదులైనా ఇదే మాట, మదర్‌బోర్డు కాలిపోయినా ఇదే మాట. అలా వచ్చిన ఒక యంత్రంలో ఒకదాని వెనుక ఒకటి మూడు వేర్వేరు లోపాలు దాక్కుని ఉండడమూ, వాటిలో ఒకదాన్ని నేను ఆలస్యంగా గుర్తించడమూ జరిగాయి. ఆ వివరాలను ఇక్కడ క్రమంగా రాస్తున్నాను.

యంత్రం యజమాని పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో నడుపుతారు. 2019లో కూర్పించుకున్న ఈ డెస్క్‌టాప్‌లో ఏఎమ్‌డీ రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 8 జీబీ చొప్పున రెండు డీడీఆర్4 ర్యామ్‌లు, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (యంత్రానికి కరెంటు అందించే పెట్టె), 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ ఉన్నాయి. వీడియో ఎడిటింగ్ నెమ్మదిగా సాగుతోందని ఆయన రైజెన్ 7 5700ఎక్స్ కొని, సొంతంగా మార్చుకునే ప్రయత్నం చేశారు. తెర వెలగలేదు. పాత 2600ను తిరిగి పెట్టి చూశారు. అప్పుడూ వెలగలేదు. ఎవరో బోర్డు పోయిందని చెప్పడంతో ‘కొత్త బోర్డు ఎంతయితది అన్నా?’ అంటూ నాకు ఫోను చేశారు. మా వైపు కేబినెట్ మొత్తాన్నీ ‘సీపీయూ’ అనే పిలుస్తారు గనుక, ఆయన ‘కొత్త సీపీయూ పని చేస్తలేదు’ అన్నప్పుడు కొత్త కంప్యూటరే కొన్నారేమోనని మొదట అనుకున్నాను. ఆ అపార్థం తీరడానికే ఐదు నిమిషాలు పట్టింది.

కేబినెట్ దుకాణానికి వచ్చాక స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే, ముందు రోజు సాయంత్రం నుంచి ఏం జరిగిందో వరుసగా చెప్పమని ఆయన్ను అడిగాను. ప్రాసెసర్ మార్చే క్షణం వరకు యంత్రం బాగానే పనిచేసింది. కొత్త ప్రాసెసర్‌తో తెర రాలేదు. పాత ప్రాసెసర్‌తో కూడా రాలేదు. ఇవన్నీ చెప్పి ముగించాక, లేచి వెళ్లబోతూ, ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మ అయిన హీట్‌సింక్ గురించి, ‘హీట్‌సింక్ ఊడదీస్తుంటే గట్టిగా లాగాల్సి వచ్చిందన్నా, ప్రాసెసర్ కూడా దానికే అతుక్కుని వచ్చింది’ అన్నారు. నాకు కావలసిన సమాచారం అదే. నిన్నటి దాకా ఒక బోర్డులో పనిచేసిన ప్రాసెసర్ ఈరోజు అదే బోర్డులో పనిచేయడం లేదంటే, ఈ మధ్యలో చేతి వల్లనే ఏదో మార్పు జరిగి ఉండాలి. అంతేకాదు, కొత్త ప్రాసెసర్ పనిచేయకపోవడానికీ పాతది పనిచేయకపోవడానికీ కారణం ఒకటే కావాలన్న నియమం ఏమీ లేదు. రెండింటికీ కలిపి ఒకే కారణం వెతికితే ‘బోర్డు పోయింది’ అన్న తీర్పే వస్తుంది. ఆయనకు ఆ సలహా ఇచ్చిన వ్యక్తి ఆలోచన కూడా అలాగే సాగి ఉంటుంది.

ముందుగా తేలికైన విషయాలు చూశాను. మానిటర్ కేబుల్ బోర్డు వెనుకనున్న పోర్టులో కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టి ఉంది. ఈ రెండు ప్రాసెసర్లలోనూ అంతర్గత గ్రాఫిక్స్ లేదు గనుక బోర్డు పోర్టు నుంచి చిత్రం ఎలాగూ రాదు. 24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబుల్ సరిగానే కూర్చున్నాయి. పెద్ద ప్రాసెసర్‌కు ఎస్ఎంపీఎస్ చాలడం లేదేమోనని యజమానికి అనుమానం ఉండింది. అయితే 2600 ఆరు కోర్లదైనా, 5700ఎక్స్ ఎనిమిది కోర్లదైనా రెండింటి రేటింగూ 65 వాట్లే. తెర వెలిగే దశకు కూడా రాని యంత్రం ఎస్ఎంపీఎస్ మీద పెద్ద భారమేమీ వేయదు. దాన్ని పక్కన పెట్టాను.

ఈ బోర్డు మీద ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అనే నాలుగు దశలకు నాలుగు చిన్న ఎల్ఈడీలు ఉన్నాయి. కొత్త ప్రాసెసర్‌తో ఆన్ చేస్తే మొదటి దీపమే వెలిగి అక్కడే నిలిచిపోయింది. పాతదానితోనూ అదే దీపం నిలిచింది. ముందు ప్యానెల్ పిన్నులకు చిన్న స్పీకర్ తగిలించి చూసినా ఒక్క బీప్ కూడా రాలేదు. ర్యామ్ లోపమైతే సాధారణంగా దీపం రెండో దశకు వెళ్తుంది. ఇక్కడ యంత్రం మొదటి గుమ్మమే దాటడం లేదు.

పాత 2600ను తిప్పి, భూతద్దం కింద పెట్టాను. ఏఎం4 సాకెట్‌కు (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) వచ్చే ప్రాసెసర్లలో 1331 పిన్నులు ప్రాసెసర్ అడుగుభాగానికే ఉంటాయి. సాకెట్‌లో ఉన్నవి రంధ్రాలు మాత్రమే. పక్కనున్న లీవరు దించితే ఆ పిన్నులు పట్టుబడతాయి గాని, పైనుంచి బలంగా లాగితే లీవరు దించి ఉన్నా ప్రాసెసర్ ఊడి వస్తుంది. ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు చేర్చడానికి మధ్యలో పూసే థర్మల్ పేస్ట్ ఐదారేళ్లు ఎండితే జిగురులా పనిచేసి హీట్‌సింక్‌నూ ప్రాసెసర్‌నూ అతికించేస్తుంది. నిటారుగా కాకుండా కాస్త వంకరగా లాగామంటే ఒక అంచున ఉన్న పిన్నులు ఒరిగిపోతాయి. ఇక్కడ బంగారు త్రిభుజం గుర్తుకు ఎదుటి మూల దగ్గర మూడు పిన్నులు పడుకుని ఉన్నాయి. వాటి పక్కనున్న వరుసల మధ్య బూడిదరంగు పేస్ట్ కూడా ఇరుక్కుని కనిపించింది.

ములుకు తీసేసిన 0.7 మిల్లీమీటర్ల మెకానికల్ పెన్సిల్ గొట్టాన్ని ఒరిగిన పిన్నుకు తొడిగి, కొద్దికొద్దిగా, ఒకే దిశలో నిలబెట్టాను. అటూ ఇటూ వంచితే పిన్ను విరుగుతుంది, విరిగిన పిన్నుకు నా దగ్గర మందు లేదు. ఈ మూడు పిన్నులకు దాదాపు ముప్పావు గంట పట్టింది. తర్వాత రెండు దిశల్లోనూ వరుసల మధ్య చూపు నిలిపి, ప్రతి వరుసా తిన్నగా ఉందని రూఢి చేసుకున్నాకనే సాకెట్‌లో పెట్టాను. సరిగా ఉన్న ప్రాసెసర్ తన బరువుతోనే సాకెట్‌లోకి దిగుతుంది. వేలితో నొక్కాల్సి వచ్చిందంటే మళ్లీ తీసి చూడాలి.

ఈసారి బీప్ వినిపించింది, తెర వెలిగింది. కాని బయోస్‌లో (బోర్డు మీది చిప్‌లో ఉండి, ఆన్ చేయగానే యంత్రాన్ని సిద్ధం చేసే ప్రోగ్రామ్) ర్యామ్ 16 జీబీకి బదులు 8 జీబీయే చూపించింది. రెండు ర్యామ్‌ల స్థానాలు మార్చి చూస్తే, ఏది పెట్టినా ఒక ఛానల్ (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఉండే దారి) మాత్రమే కనబడుతోంది. అంటే లోపం ర్యామ్‌లలో లేదు. ఈ తరం ప్రాసెసర్లలో ర్యామ్‌ను నడిపే భాగం ప్రాసెసర్ లోపలే ఉంటుంది గనుక, ఒక ఛానల్ కనిపించకపోవడమంటే ఆ ఛానల్‌కు చెందిన పిన్నుల్లో ఏదో ఒకటి సరిగా తగలడం లేదని అనుమానించాలి. ప్రాసెసర్ మళ్లీ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని టూత్‌బ్రష్‌తో పిన్నుల మధ్య పేస్ట్ అంతా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టాను. అప్పుడు 16 జీబీ కనిపించింది. ఈ అడుగు వదిలేసి ముందుకు పోవాలన్న తొందర నాకు లేకపోలేదు, ఎలాగూ ఈ ప్రాసెసర్ కాసేపట్లో బయటికి వచ్చేదే కదా అనిపించింది. కాని నేను తర్వాత చేయబోయే పని బయోస్ అప్‌డేట్. ర్యామ్ విషయంలో సందేహం ఉన్న యంత్రంలో బయోస్ తిరగరాయడమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఇక కొత్త ప్రాసెసర్ సంగతి. తెర వెలిగిన వెంటనే నేను చూసింది బయోస్ తేదీ. అది 2019 జనవరి నాటిది. 5700ఎక్స్ మార్కెట్లోకి వచ్చింది 2022 ఏప్రిల్‌లో. ప్రాసెసర్ పుట్టడానికి మూడేళ్ల ముందు రాసిన బయోస్ దాన్ని గుర్తుపట్టకపోవడంలో వింతేమీ లేదు. సాకెట్ ఒకటే, పిన్నుల లెక్క ఒకటే, కొత్తది చక్కగా అందులో కూర్చుంటుంది. అందుకే చాలామంది ఇక్కడ పొరబడతారు.

తెర వెలగకపోవడమే కాదు, బీప్ కూడా ఎందుకు రాలేదన్నది కొంచెం వివరించాలి. రైజెన్ ప్రాసెసర్లలో మనం కోర్లని పిలిచేవి ముందుగా మేలుకోవు. వాటికంటే ముందు లోపలే ఉన్న ఒక చిన్న భద్రతా ప్రాసెసర్ మేలుకుంటుంది. అది బోర్డు మీది బయోస్ చిప్ తెరిచి, తన తరానికి సంబంధించిన ఫర్మ్‌వేర్ అందులో ఉందా అని వెతుకుతుంది. ఉంటే దాని సాయంతో ర్యామ్‌ను సిద్ధం చేసి, ఆ తర్వాతే అసలు కోర్లను వదులుతుంది. లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది. మనకు తెలిసిన బయోస్ తెర, బీప్‌లు, లోపాల సందేశాలు అన్నీ అసలు కోర్లు నడిపించేవే గనుక, ‘నాకు ఈ ప్రాసెసర్ తెలియదు’ అని చెప్పడానికి కూడా అక్కడ ఎవరూ ఉండరు. ఈ ఫర్మ్‌వేర్ మూటను ఏఎమ్‌డీ ‘ఏజీసా’ అనే పేరుతో బోర్డు తయారీదారులకు ఇస్తుంది, వారు దాన్ని తమ బయోస్‌లో కలిపి విడుదల చేస్తారు.

బీ450 బోర్డుల విషయంలో దీనికి ఒక చరిత్ర కూడా ఉంది. 2018లో వచ్చిన ఈ చిప్‌సెట్‌కు రైజెన్ 5000 వరుస మద్దతు ఉండదని ఏఎమ్‌డీ 2020 మే నెలలో ప్రకటించింది. కొనుగోలుదారుల నుంచి గట్టి నిరసన రావడంతో అదే నెలలో ఆ నిర్ణయం మార్చుకుంది. మద్దతు ఇవ్వకపోవడానికి ఏఎమ్‌డీ మొదట చెప్పిన కారణాల్లో ఒకటి బయోస్ చిప్‌లో చోటు. చాలా పాత బోర్డుల్లో ఆ చిప్ 16 ఎంబీదే. ఏఎం4 మీద వచ్చిన అన్ని తరాల ఫర్మ్‌వేర్ అందులో ఇమడక, కొందరు తయారీదారులు కొత్త బయోస్‌లలో మరీ పాత ప్రాసెసర్ల మద్దతు తీసేయడమో, బయోస్ తెర బొమ్మలను తగ్గించడమో చేశారు. అందుకే అప్‌డేట్ చేయబోయే ముందు, కొత్త బయోస్‌లో కొత్త ప్రాసెసర్‌తో పాటు ఇప్పుడు చేతిలో ఉన్న పాత ప్రాసెసర్‌కు కూడా మద్దతు కొనసాగుతోందా అని బోర్డు తయారీదారు జాబితాలో చూసుకోవాలి. ఈ బోర్డుకు రెండింటికీ ఉంది. కాకపోతే నేరుగా చివరి వెర్షన్‌కు పోకుండా, మధ్యలో ఒక వెర్షన్ వేసి ఆగాలని అక్కడే సూచన ఉంది.

ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ రాసుకునే మీట కొన్ని బోర్డుల వెనుక ఉంటుంది. ఈ బోర్డుకు ఆ సదుపాయం లేదు. అంటే వంగిన పిన్నులతో చెత్తబుట్టకు పోవలసిన ఆ పాత 2600యే ఈ బోర్డులో బయోస్ మార్చడానికి మాకున్న ఒకే ఒక తాళంచెవి. అది బాగుపడకపోయి ఉంటే పాత రైజెన్ ఒకటి ఎక్కడినుంచైనా అరువు తేవాల్సి వచ్చేది, లేదా బోర్డు మీది చిప్‌కు క్లిప్పు తగిలించి ప్రోగ్రామర్ పరికరంతో నేరుగా రాయాల్సి వచ్చేది. ఆ రెండో దారి నాకు తెలిసినదే అయినా, ఇలాంటి బోర్డుల్లో చాలావాటికి 1.8 వోల్టుల చిప్ ఉంటుంది. చౌక ప్రోగ్రామర్లు 3.3 వోల్టులు పంపుతాయి గనుక మధ్యలో అడాప్టర్ మరచిపోతే చిప్ పోతుంది. వేరే గతి ఉన్నంతవరకు నేను ఆ దారి పట్టను.

ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో రెండు ఫైళ్లూ వేసుకుని, ముందుగా దుకాణం యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో పరీక్షించుకున్నాకే పని మొదలుపెట్టాను. ఎండాకాలపు మధ్యాహ్నం కరెంటును నమ్మి బయోస్ రాయడం నా వల్ల కాదు. రెండు అప్‌డేట్‌లూ నిరాటంకంగా పూర్తయ్యాయి. 2600తోనే మళ్లీ ఆన్ చేసి, బయోస్ తెర మీద కొత్త వెర్షన్ చూసి, తృప్తిగా ఆఫ్ చేశాను. ఇక్కడ నేను చేసిన పొరపాటు తర్వాత బయటపడింది.

ఈసారి హీట్‌సింక్ తీయడంలో తొందరపడలేదు. ఆఫ్ చేయగానే, పేస్ట్ ఇంకా వెచ్చగా ఉండగానే, నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చేసి, హీట్‌సింక్‌ను పైకి లాగకుండా ముందు అటూ ఇటూ మెల్లగా తిప్పాను. పట్టు వదిలిన తర్వాతే ఎత్తాను. ప్రాసెసర్ సాకెట్‌లోనే ఉండిపోయింది. 5700ఎక్స్ కూర్చోబెట్టి, కొత్త పేస్ట్ వేసి, ఆన్ చేశాను. ప్రాసెసర్ దీపం ఆరింది. ర్యామ్ దీపం వెలిగింది. తెర నల్లగానే ఉంది. నలభై సెకన్లు చూసి ఆఫ్ చేశాను. మళ్లీ ఆన్ చేసి, మళ్లీ అంతే సేపు చూసి, మళ్లీ ఆఫ్ చేశాను. కొత్త ప్రాసెసర్ వేశాక ర్యామ్‌తో దాని లెక్కలు కుదుర్చుకునే ప్రక్రియకు మొదటిసారి నిమిషాల కొద్దీ పట్టవచ్చని తెలిసి కూడా, పక్కన కస్టమర్ నిలబడి ఉండేసరికి నా చెయ్యి ఆగలేదు. మూడోసారి చేతులు కట్టుకుని కూర్చున్నాను. దాదాపు రెండు నిమిషాలకు తెర వెలిగింది.

తెర మీద మొదట కనిపించింది కొత్త ప్రాసెసర్ వచ్చిందనీ, ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్ లోపల తాళాల సమాచారం దాచే భద్రతా భాగం) సమాచారం మారిందనీ, దాన్ని చెరిపివేయడానికి వై, ఉంచడానికి ఎన్ నొక్కమనీ అడిగే సందేశం. ఆలోచించకుండా వై నొక్కే అలవాటు మంచిది కాదు. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ వేసి ఉంటే ఆ తాళం ఈ ఎఫ్‌టీపీఎంతో ముడిపడి ఉంటుంది, చెరిపేస్తే 48 అంకెల రికవరీ కీ లేకుండా డిస్కు తెరుచుకోదు. యజమానిని అడిగి, ఆయన బిట్‌లాకర్ ఎప్పుడూ వాడలేదని నిర్ధారించుకుని వై నొక్కాను.

యంత్రం విండోస్‌కు పోకుండా మళ్లీ మళ్లీ బయోస్‌లోకే వచ్చి నిలిచింది. ‘కొత్త ప్రాసెసర్‌కు ఎస్ఎస్‌డీ కనిపిస్తలేదన్నా, వాపసు ఇచ్చేస్తా’ అన్నారు యజమాని. నిజానికి ఎస్ఎస్‌డీ కనిపిస్తోంది. సాటా పరికరాల జాబితాలో దాని పేరు, సైజు స్పష్టంగా ఉన్నాయి. బూట్ చేయదగిన వాటి జాబితాలో మాత్రం లేదు. ఈ రెండింటి తేడాయే ఇక్కడ కీలకం. మొదటి జాబితాలో లేకపోతే కేబులో డిస్కో చూడాలి, రెండో జాబితాలో మాత్రమే లేకపోతే బూట్ విధానం చూడాలి.

అడిగితే తెలిసింది, ఆ విండోస్ 2019లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసినది కాదు. అంతకుముందున్న పాత కంప్యూటర్ హార్డ్‌డిస్కు నుంచి క్లోన్ చేసి తెచ్చుకున్నది. అందుకే అది డిస్కు భాగాలను నమోదు చేసే పాత ఎంబీఆర్ పద్ధతిలోనే ఉంది. ఆ పద్ధతిలో బూట్ కావాలంటే బయోస్‌లో పాత తరహా బూట్‌ను అనుమతించే సీఎస్ఎం అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. పాత బయోస్‌లో అది ఆన్‌లోనే ఉండేది. అప్‌డేట్‌తో సెట్టింగులన్నీ కొత్త డిఫాల్ట్‌లకు మారాయి, కొత్త బయోస్ డిఫాల్ట్‌లో సీఎస్ఎం ఆఫ్. ఆన్ చేసి సేవ్ చేయగానే విండోస్ వచ్చింది. కొత్త ప్రాసెసర్‌కు ఇందులో ఏ పాత్రా లేదు. అప్‌డేట్ అయిన వెంటనే 2600తో బయోస్ తెర మాత్రమే చూసి ఆఫ్ చేయకుండా విండోస్ దాకా వెళ్లనిచ్చి ఉంటే, ఈ మూడో లోపం అక్కడే బయటపడేది. నేను రెండు మార్పుల మధ్య ఒక పరీక్ష ఎగరగొట్టడం వల్ల నేరం కొత్త ప్రాసెసర్ మీద పడింది. అప్పటినుంచి బయోస్ అప్‌డేట్ తర్వాత పాత ప్రాసెసర్‌తోనే డెస్క్‌టాప్ కనిపించేదాకా వేచి చూస్తున్నాను.

డిఫాల్ట్‌లతో పాటు ర్యామ్ వేగం కూడా 2400కు పడిపోయి ఉంది. ర్యామ్‌ను దాని అసలు వేగంతో నడిపే ఎక్స్ఎంపీ సెట్టింగ్ ఆన్ చేసి 3200కు తెచ్చి, రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపాను. ఒక్క తప్పు కూడా రాలేదు. పొద్దున్నే వీడియో రెండరింగ్ పెట్టి ఉష్ణోగ్రత చూస్తే మాత్రం 89 డిగ్రీల దగ్గర నిలిచింది. 5700ఎక్స్‌కు గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు. ఈ ప్రాసెసర్‌తో పెట్టెలో హీట్‌సింక్ రాదు, ఆయన 2600తో వచ్చిన చిన్న స్టెల్త్ కూలర్‌నే వాడబోయారు. యంత్రం ఆగిపోదు గాని, పరిమితి దగ్గర తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అంటే డబ్బు పెట్టి కొన్న వేగంలో కొంత మన వరంగల్ ఎండకే సమర్పించుకోవడం. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ వేశాక అదే పని 70ల్లోకి దిగింది.

సీఎస్ఎం ఆన్‌లో ఉంచడం తాత్కాలిక ఏర్పాటే. డిస్కును ఎంబీఆర్ నుంచి కొత్త పద్ధతి అయిన జీపీటీకి మార్చాలని ఆయనకు ఆరోజే చెప్పాను. విండోస్ 10లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే సాధనంతో డేటా చెరపకుండా ఆ పని జరుగుతుంది. అయితే ఆ డిస్కులో అప్పటికి నాలుగు పెళ్లిళ్ల ఫుటేజీ అప్పగించాల్సి ఉంది, రెండో కాపీ లేదు. ఆ పరిస్థితిలో చేయనని చెప్పి పంపించాను. ముహూర్తాలు ముగిశాక, ఫుటేజీ అంతా బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకుని ఆయన మళ్లీ వచ్చారు. ముందు వాలిడేట్ ఆదేశం నడిపి, అది సమ్మతించాక కన్వర్ట్ చేసి, బయోస్‌లో సీఎస్ఎం ఆఫ్ చేశాను. మొదటిసారికే విండోస్ వచ్చింది. జీటీఎక్స్ 1650 యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతికి పనికొచ్చే కార్డే గనుక తెర విషయంలో చిక్కు రాలేదు. మరీ పాత కార్డయితే సీఎస్ఎం ఆఫ్ చేసిన క్షణం నుంచి మళ్లీ ‘డిస్‌ప్లే వస్తలేదు’ అన్న మాటే వినాల్సి వచ్చేది.

పాత 2600ను ఆయన తీసుకెళ్లలేదు, కూలర్ ఖరీదులో తగ్గించుకోమన్నారు. పిన్నుల కింద నల్లని ఫోమ్ ముక్క పెట్టి, ప్లాస్టిక్ డబ్బాలో నా బల్ల సొరుగులో ఉంచాను. మీట లేని బీ450 బోర్డు పాత బయోస్‌తో వచ్చిన ప్రతిసారీ అది బయటికి వస్తోంది.